ఆ సలహా కాగితాలను ఆదేశాలుగా మార్చండి

గౌరవనీయులైన కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి శ్రీ కింజరాపు రామ్మోహన్ నాయుడు గారికి,

నమస్కారం. నేను తిరుపతిలో బస్సు మెకానిక్‌గా ముప్పై ఏళ్లు చేసి రిటైరయ్యాను. కొండెక్కే బండ్ల బ్రేకులు చూడడమే నా పని. విమానాల సంగతి చదివి తెలుసుకున్నదే. అయినా 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో ఎయిరిండియా విమానం కూలి 260 మంది పోయినప్పటి నుంచి ఒక విషయం నన్ను నిద్రపోనివ్వడం లేదు. మీరు మనవారు కాబట్టి మన భాషలోనే రాస్తున్నాను.

ఆ జూలైలో ప్రాథమిక నివేదిక వచ్చింది. విమానం నేల వదిలిన కొన్ని సెకన్లకే రెండు ఇంజన్ల ఇంధన స్విచ్‌లూ ఒక సెకను తేడాతో ‘రన్’ నుంచి ‘కటాఫ్’కు, అంటే ఇంధనం ఆగిపోయే స్థితికి మారాయి. ఎందుకు ఆపావని ఒక పైలట్ అడిగారు, నేను ఆపలేదని ఇంకొకరు అన్నారు. ఆ రెండు ముక్కలు పట్టుకుని టీవీల్లో చనిపోయినవాళ్ల మీద తీర్పులు చెప్పేశారు. అది చూసి చాలా బాధపడ్డాను. నా కన్ను మాత్రం ఇంకో పేరా దగ్గర ఆగింది. ఆ స్విచ్‌లకు లాక్ ఉంటుంది, పైకి ఎత్తితే గానీ కదలవు. కొన్ని బోయింగ్ 737లలో ఆ లాక్ పనిచేయని స్థితిలో స్విచ్‌లు అమర్చారని, తనిఖీ చేసుకోమని అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ 2018లోనే కాగితం పంపింది. అహ్మదాబాద్‌లో కూలిన బోయింగ్ 787లోనూ అదే తరహా స్విచ్. అది సలహాయే గానీ ఆదేశం కాదు కాబట్టి తనిఖీ చేయలేదని ఎయిరిండియా చెప్పినట్టు నివేదికలో ఉంది.

లాక్ వల్లే ప్రమాదం జరిగిందని నేను అనను. నివేదికా అనలేదు. ఆ స్విచ్‌లున్న భాగాన్ని 2019లో, 2023లో మార్చారని కూడా అందులోనే రాశారు. నా బాధ వేరు. జూలై 14న మన విమానయాన నియంత్రణ సంస్థ, మీ డీజీసీఏ, అదే తనిఖీని వారంలో ముగించాలని ఆదేశించింది. వారంలో అయ్యే పని ఆరున్నరేళ్లు ఫైల్లో ఉంది సార్.

స్పెయిన్‌లోని మాడ్రిడ్‌లోనూ ఇంతే. 2008 ఆగస్టు 20న స్పాన్‌ఎయిర్ అనే ఎయిర్‌లైన్‌కు చెందిన ఎండీ-82 విమానం ఒకటి టేకాఫ్‌కు వెళ్లి, సెన్సర్ సమస్యతో వెనక్కి వచ్చింది. అప్పటికే ఆలస్యం. రెండోసారి బయలుదేరినప్పుడు పైలట్లు ఫ్లాప్స్, అంటే పైకి లేవడానికి రెక్కల వెనక దించే పలకలు, దించడం మరిచారు. మరిస్తే మోగాల్సిన అలారం మోగలేదు. 154 మంది చనిపోయారు. 1987లో అమెరికాలోని డెట్రాయిట్‌లో అచ్చం ఇదే జరిగింది: అదే రకం విమానం, దించని ఫ్లాప్స్, మోగని అలారం, 156 ప్రాణాలు. అప్పుడే తయారీ కంపెనీ ప్రతి టేకాఫ్‌కు ముందూ అలారం పరీక్షించుకోమని సలహా ఇచ్చింది. స్పాన్‌ఎయిర్‌లో ప్రతిసారీ చూసే పద్ధతి లేదు. పొద్దున మోగింది కదా అని మధ్యాహ్నం కూడా మోగుతుందని ఏ మెకానిక్ హామీ ఇవ్వగలడు?

నేను పనిచేసిన చోట కూడా ఒక కాగితం ఇలాగే ఉండిపోయింది. ఒక రకం బ్రేకు గొట్టాలు తొందరగా పగులుతున్నాయి, వీలైతే మార్చండి అని. ‘వీలైతే’ అన్న మాట చూసి పక్కన పెట్టాం. నేనూ చదివాను, నేనూ పక్కన పెట్టాను. కొండ దిగుతున్న బండికి బ్రేకు పడకపోతే డ్రైవరు దాన్ని గోడకు రాసుకుంటూ ఆపాడు. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ గోడకు అంటిన రంగును నేను వెళ్లి చూశాను. మర్నాడే అన్ని బండ్లకూ గొట్టాలు మార్చాం.

మన దేశంలో ఎగిరే ప్రతి రకం విమానానికీ ఇలాంటి సలహా కాగితాలు ఎన్నున్నాయో డీజీసీఏ చేత లెక్క తీయించండి. చేశామనో, ఫలానా కారణంతో చేయలేదనో ప్రతి ఎయిర్‌లైనూ సంతకం పెట్టి జవాబివ్వాలి. టేకాఫ్‌కు సంబంధించినవి ముందు చూడండి. అహ్మదాబాద్‌లో స్విచ్‌లను మళ్లీ ‘రన్’లో పెట్టారు, ఒక ఇంజన్ కోలుకోవడం మొదలుపెట్టింది కూడా. అంత ఎత్తులో దానికి టైమ్ లేదు. ఆ జవాబులు జనం చదివేలా పెట్టండి, తెలుగులో కూడా.

2012లో మీ నాన్నగారు ఎర్రన్నాయుడు గారిని రోడ్డు ప్రమాదం తీసుకుపోయింది. ఇంటికి అలాంటి ఫోన్ రావడమంటే ఏమిటో మీకు ఒకరు చెప్పనక్కర్లేదు.

వచ్చే నెల మా అమ్మాయి, మనవరాలు రేణిగుంటలో హైదరాబాద్ విమానం ఎక్కుతున్నారు. అది ఏటీఆర్ కావచ్చు, ఎయిర్‌బస్ కావచ్చు. దానికి వచ్చిన కాగితాల్లో ఏది ఇంకా ఫైల్లోనే ఉందో మీకు తెలిసి ఉండాలి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ బస్సు మెకానిక్,
తిరుపతి