మంత్రి గారూ, మా ఇంటిని మా పనికి దూరం చెయ్యకండి

గౌరవనీయులైన రాష్ట్ర పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ మంత్రి గారికి,

విజయనగరంలో చెరువు గట్టు కింద ఉన్న ఒక పేట నుంచి రాస్తున్నాను. నేను బట్టలు కుడతాను. మా అమ్మ ముప్పై ఏళ్ళు నాలుగిళ్ళలో అంట్లు తోమి మమ్మల్ని పెంచింది. 2014లో హుద్‌హుద్ తుఫానుకి మా పేటలో రేకులు లేచిపోతే అప్పులు చేసి మళ్ళీ మేమే వేసుకున్నాం.

పోయిన నెల ఒక ఉదయం, అందరూ పనుల్లోకి వెళ్ళిపోయాక, ఇద్దరు మనుషులు టేపు పట్టుకుని వచ్చారు. మా వరస గోడల మీద ఎర్ర పెయింటుతో గీతలు గీసి నంబర్లు వేశారు. ఎందుకని అడిగితే "సర్వే" అన్నారు, అంతే. మా పక్కింటి అప్పకి డెబ్బై దాటాయి. "ఏటి బావూ, ఈ గీత ఏటి?" అని వాళ్ళ వెనకాలే వీధి చివరిదాకా నడిచింది. జవాబు చెప్పలేదు. సాయంత్రం చూస్తే కొబ్బరి పీచుతో గోడ రుద్దుతోంది. సున్నం లేచిపోయింది గాని ఎరుపు పోలేదు. అదే గట్టుని ఆనుకుని ఉన్న ఫంక్షన్ హాలు గోడ మీద మాత్రం ఏ గీతా లేదు.

మా ఇళ్ళు తీసేసి మమ్మల్ని ఊరి బయటికి పంపేస్తారేమోనన్న భయంతో ఆ రాత్రి నుంచి రామాలయం అరుగు మీద కూర్చుంటున్నాం. మొదట్లో అందరిదీ టెన్షనే, ఒకరి మాట ఒకరు వినే పరిస్థితి లేదు. తర్వాత డిగ్రీ చదివే ఇద్దరు ఆడపిల్లలు రెండు వందల పేజీల నోట్‌బుక్ తెచ్చి ఇంటింటికీ తిరిగారు. ఎన్నేళ్ళుగా ఉన్నారు, కరెంటు బిల్లు ఉందా, ఇంటి పన్ను రసీదు ఉందా, అన్నీ రాశారు. బియ్యం డబ్బాల్లోంచి, ట్రంకు పెట్టెల్లోంచి పాలిథిన్ కవర్లలో చుట్టిన కాగితాలు బయటికొచ్చాయి. పెయింటింగ్ పనికి వెళ్ళే ఒకాయన ఇంకో గడి కూడా గియ్యమన్నాడు: పనికి ఎలా వెళ్తారు? ఆ గడిలో పేజీ తర్వాత పేజీ ఒకటే మాట. నడిచి. నడిచి. నడిచి.

నేను చెప్పదలుచుకున్నది ఆ గడి గురించే.

2020 డిసెంబర్‌లో ఊరి బయట గుంకలాం దగ్గర 397 ఎకరాల్లో 12 వేలకు పైగా పట్టాలు ఇచ్చారు. పట్టా విలువ ఇల్లు లేనివాళ్ళకి తెలుసు, దాన్ని నేను తక్కువ చెయ్యను. కానీ అప్పట్లో పట్టణాల వాళ్ళకి ఇచ్చింది ఒక సెంటు, అంటే 48 గజాలు. ఇప్పుడు రెండు సెంట్లు అంటున్నారు. సెంట్లు పెరిగితే సంతోషం. కిలోమీటర్లు కూడా తగ్గాలి. రానూ పోనూ ఆటోకి రోజుకి 60 రూపాయలు అనుకోండి, నెలకి 1,500 దాటుతుంది. మా ఆడవాళ్ళకి ఒక ఇంట్లో అంట్లు తోమితే నెలకొచ్చే జీతం అంతకన్నా పెద్ద ఎక్కువేం కాదు. తెల్లారి ఐదున్నరకి టిఫిన్ హోటల్లో పిండి రుబ్బడానికి వెళ్ళే మనిషికి ఆ వేళకి ఆటో దొరకదు కూడా.

1985లో బొంబాయి ఫుట్‌పాత్ వాసుల కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతే ఒప్పుకుంది. ఉంటున్న చోటు నుంచి పంపేస్తే వాళ్ళకి పని పోతుందని, జీవించే హక్కులో జీవనోపాధి కూడా ఉందని చెప్పింది.

2025 జనవరిలో మీ ప్రభుత్వం అభ్యంతరం లేని ప్రభుత్వ స్థలాల్లో ఉంటున్న పేదలకి 150 గజాల దాకా ఉచితంగా క్రమబద్ధీకరిస్తామంది. చెరువు పక్కన ఉన్నాం కాబట్టి మాది అభ్యంతరమైన స్థలం అంటారేమోనని మా భయం. చెరువు హద్దు ఎక్కడో మా ముందు కొలిపించండి. ఫంక్షన్ హాలుకీ మాకూ ఒకే టేపు పట్టించండి. నిజంగా నీళ్ళ దారిలో ఉన్న ఇళ్ళు ఏవో మాకు తెలుసు, వాన పడితే ముందు మునిగేది అవే. వాళ్ళు కదలడానికి సిద్ధంగా ఉన్నారు, నడిచి పనికి వెళ్ళగలిగేంత దూరంలో చోటు చూపిస్తే.

అద్దెకున్నవాళ్ళ సంగతి ఇంకా కష్టం. భోగాపురంలో ఎయిర్‌పోర్టుకి 2023 మేలో శంకుస్థాపన అయ్యాక మా ఊళ్ళో ఎక్కడ విన్నా స్థలం రేట్ల మాటే. మా పేటలో పెంకుటిళ్ళ ఓనర్లు కొందరు బిల్డర్లతో మాట్లాడుకుంటున్నారు. వాళ్ళని తప్పు పట్టను, వాళ్ళకీ పిల్లల పెళ్ళిళ్ళున్నాయి. కానీ ఆ ఇళ్ళలో పదిహేనేళ్ళుగా అద్దెకున్నవాళ్ళ పేరు మీద కరెంటు బిల్లు కూడా ఉండదు. ఏ జాబితా రాసినా వాళ్ళు అందులో కనపడరు. మా నోట్‌బుక్‌లో వాళ్ళకి విడిగా పేజీలు పెట్టాం. 2024లో మొదలైన కేంద్రం ఇళ్ళ పథకం పీఎంఏవై (ప్రధానమంత్రి ఆవాస్ యోజన) 2.0లో తక్కువ అద్దె ఇళ్ళ విభాగం ఉంది. మా ఊళ్ళో, ఊరి లోపల, ఆ ఇళ్ళు కట్టించమని అడుగుతున్నాం.

చెరువు చుట్టూ వాకింగ్ ట్రాక్ వస్తుందని విన్నాం. రానివ్వండి, మా పిల్లలు కూడా ఆడుకుంటారు. ఆ ప్లాను తెలుగులో మా వార్డు సచివాలయం గోడకి అంటించండి. పేటలోనే మీటింగు పెట్టించండి, పగలు కాదు, రాత్రి ఏడు దాటాక, అందరూ పనుల్లోంచి వచ్చాక. అప్పటిదాకా ఏ ఇంటి మీదా చెయ్యి వెయ్యొద్దని ఆర్డరు ఇవ్వండి.

నోట్‌బుక్ మా ఇంట్లో, కుట్టు మిషను సొరుగులో ఉంది. మీరు వచ్చినా, మీ మనిషిని పంపినా అరుగు మీద కూర్చుని మొదటి పేజీ నుంచి చదివి వినిపిస్తాం.

ఇట్లు,
పేట కమిటీ తరఫున,
ఒక దర్జీ,
విజయనగరం