చామనఛాయను ఉండనివ్వండి

సంపాదకుల వారికి నమస్కారం.

ఆగస్టు 19 ఫొటోగ్రఫీ దినోత్సవానికి మీరు జిల్లా పేజీలో వేసిన వ్యాసం చదివాను. ఫొటోలో మనిషి ముఖం బంగారు రంగులో మెరవాలంటే ఫోన్‌లో ఏ ఫిల్టర్ పెట్టుకోవాలో వివరంగా రాశారు. విశాఖపట్నం అల్లిపురంలో ముప్పై నాలుగేళ్లు స్టూడియో నడిపినవాణ్ణి కాబట్టి ఊరుకోలేక రాస్తున్నాను. ఫిల్టర్ వేస్తే ఫొటో పచ్చబడుతుంది, అంతే. పచ్చబడటం వేరు, ముఖంలో వెచ్చదనం ఉండటం వేరు.

ఈ తేడా మన ఊరివాళ్లకి చెప్పనక్కర్లేదు. 2014లో హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్లాక వీధుల్లో ఎల్‌ఈడీలు పెట్టారు గానీ, అంతకుముందు సోడియం దీపాలే కదా. రాత్రయితే బీచ్ రోడ్డంతా నారింజ రంగులో ఉండేది. ఆ దీపం కింద ఎర్ర చీర, ఆకుపచ్చ చీర పక్కపక్కన నిలబడితే రెండూ మట్టి రంగులోనే కనబడేవి. ఆ వెలుగులో ఉన్నదంతా దాదాపు పసుపే, మిగతా రంగులు బహు తక్కువ. వెలుగులో లేని రంగు కెమెరాలోకి ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఇప్పటి కుర్రాళ్లు ప్రీవెడ్డింగ్ షూట్ అని సాయంత్రం అయిదున్నరకి జంటల్ని రుషికొండ బీచ్‌కి తీసుకొస్తారు. సినిమాల్లో సముద్రంలో మునిగే సూర్యుణ్ణి చూసి కాబోలు. మన సముద్రం తూర్పున ఉంది నాయనా! సాయంత్రం ఎండ కొండల వెనక్కి, మేడల వెనక్కి పోతుంది. ఒడ్డున మిగిలేది ఆకాశం నుంచి దిగే నీలం వెలుగు. అందులో తీసి, కంప్యూటర్లో నారింజ పూస్తారు. ఇసుక నారింజ, నీళ్లు నారింజ, పెళ్లికూతురి కంటి తెల్లగుడ్డు కూడా నారింజే. కామెర్ల మందు ఎక్కడ దొరుకుతుందా అని అడగాలనిపిస్తుంది.

అదే తెల్లవారుజామున వెళ్తే ఏ పూతా అక్కర్లేదు. మే నెలాఖరులో అయిదున్నర లోపే, సంక్రాంతి రోజుల్లో ఆరున్నరకి సూర్యుడు నీళ్ల మీదకి వస్తాడు. మొదటి అరగంటలో మనిషిని సముద్రం వైపు కాస్త ఓరగా తిప్పితే చాలు. ఒక్క జాగ్రత్త: కెమెరాలో వైట్ బ్యాలెన్స్, అంటే వెలుగు రంగుని సరిచేసే అమరిక, ఆటోలో ఉంటే అది ఆ ఎరుపుని తప్పనుకుని తీసేస్తుంది. దాన్ని సూర్యుడి బొమ్మ ఉన్న గుర్తు మీద పెట్టి వదిలేయండి. వెలుగు రంగుని కెల్విన్ అనే అంకెల్లో కొలుస్తారు. మధ్యాహ్నపు ఎండ 5500 కెల్విన్ దగ్గర, పాత గుండు బల్బు 2800 దగ్గర, కొవ్వొత్తి 1900 దగ్గర ఉంటాయి. అంకె తగ్గేకొద్దీ ఎరుపు పెరుగుతుంది. నీడ 7000 దాటుతుంది, అందుకే చెట్టు కింద తీసిన ముఖాలు నీలంగా, నీరసంగా వస్తాయి.

వెలుగు ఎక్కడ తగిలి వస్తోందో కూడా చూసుకోవాలి. మా అమ్మకి ఎనభై నిండిన రోజు నేను తీసిన ఫొటో గురించి చెబుతాను. వన్‌టౌన్‌లో, బురుజుపేట పక్కన మా పాత ఇల్లు. ఎర్ర గచ్చు నేల. ఉదయం ఎనిమిదింటికి వీధి గుమ్మంలోంచి చాపంత ఎండ గచ్చు మీద పడుతుంది. అమ్మ దానికి కాస్త వెనగ్గా, నీడలో పీట మీద కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తోంది. ఎండ ఆమె మీద పడలేదు, గచ్చుకి తగిలి ఆ ఎరుపుతో పైకి లేచింది. గడ్డం కింద, కంటి గుంటల్లో, ముక్కుపుడక పక్కన, మామూలుగా నల్లగా చచ్చిపోయే చోట్లన్నీ పాకం పట్టిన బెల్లంలా వెలిగాయి. నేను చేసిందల్లా ఆమె ముఖం మీద వెలుగు కొలత తీసుకుని మీట నొక్కడమే. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల దగ్గర ఫొటోలు బాగా రావడానికీ ఇదే కారణం, అక్కడ నేలంతా గచ్చే. నీలం టార్పాలిన్ వేసిన పెళ్లి పందిట్లో మాత్రం ఇంద్రుడు చంద్రుడు వచ్చినా జ్వరం పడి లేచినట్టే ఉంటారు.

ముఖం మీద కొలత అన్నాను కదా. వెనక తెల్లగోడ ఉంటే కెమెరా మోసపోయి వెలుగు తగ్గించేస్తుంది, చామనఛాయ మనిషి బొగ్గయిపోతాడు. ఆ బొగ్గుని తర్వాత కంప్యూటర్లో పైకి లేపితే వచ్చేది బూడిద రంగే. మండపాల్లో వాడే చవక ఎల్‌ఈడీ ప్యానెళ్లదీ ఇదే గొడవ, వాటిలో ఎరుపు సరిగా ఉండదు. కొనేముందు అట్టపెట్టె మీద సీఆర్‌ఐ (దీపం రంగుల్ని ఎంత సరిగా చూపిస్తుందో చెప్పే, నూటికి లెక్కేసే అంకె) 90 పైన ఉందో లేదో చూడండి.

అసలు నా బాధ వేరే ఉంది. పోయిన మాఘంలో మా మేనకోడలి పెళ్లి. ఆల్బం వేరే స్టూడియో వాళ్లు చేశారు, పేరెందుకు. మా అత్తగారు కళ్లజోడు సర్దుకుని మూడో పేజీ దగ్గర ఆగి, "ఈ పిల్ల ఎవరి తాలూకా?" అని అడిగింది. సొంత మనవరాలు! మంగళస్నానం ఫొటోలో ముఖాన పసుపు కూడా లేకుండా తెల్లగా తుడిచేశారు. చేతులు మాత్రం మరిచిపోయినట్టున్నారు, అవి దాని చేతులే.

ఆ కుర్రాణ్ణి తిట్టే హక్కు నాకు లేదు. అడిగిన ప్రతి ఇంటికీ నేనూ తెల్లబరిచి ఇచ్చాను, ముఖ్యంగా పెళ్లిచూపులకి పంపే ఫొటోలు. మాకు రంగు నేర్పిన పద్ధతే అలాంటిది. కొడాక్ వాళ్లు ల్యాబ్‌లకి షర్లీ కార్డు అని ఒక ఫొటో పంపేవారు. అందులో తెల్లజాతి అమ్మాయి ఉండేది. ఆమె ఒళ్లు సరిగా వస్తే మిషను సరిగా ఉన్నట్టు లెక్క. చాక్లెట్ల వాళ్లు, చెక్క సామాన్ల వాళ్లు గోధుమరంగులో తేడాలు రావట్లేదని గోల పెట్టాకే ఫిల్మ్ మెరుగుపడిందని కొడాక్‌లో పనిచేసినవాళ్లే తర్వాత చెప్పారు. టేకు బల్లకి జరిగిన న్యాయం మన ఆడపిల్లలకి ఎప్పుడు జరుగుతుందో.

మీ ఆదివారం సంచికలో వేసే ముఖాల్ని అచ్చుకి పంపేముందు తెల్లబరచొద్దని మీ డెస్కు వాళ్లకి ఒక మాట చెప్పండి. అచ్చు సిరాల్లో మన ఛాయ రావాలంటే పసుపు మెజెంటా (గులాబీ ఎరుపు) కంటే కొంచెం ఎక్కువుండాలి, సయాన్ (ఆకాశనీలం) బాగా తగ్గాలి. ఇది వాళ్లకి తెలిసిన విషయమే. ఎవరైనా కుర్ర ఫొటోగ్రాఫర్లు చూస్తామంటే ఉదయం ఎనిమిదికి మా పాత ఇంటికి రావచ్చు, నేనే చూపిస్తాను. గచ్చు మాత్రం లేదు. మా తమ్ముడు నిరుడు తెల్ల టైల్స్ వేయించాడు. ఫొటో తీయాల్సివస్తే ముందు ఎర్ర జంపఖానా పరుస్తున్నాను.

ఇట్లు,
ఒక పాత స్టూడియో ఫొటోగ్రాఫర్,
అల్లిపురం, విశాఖపట్నం