పాపని కాదు, పాప తల్లిని చూసినవాళ్లకి

అందరికీ నమస్కారం. మాది గుంటూరు, గుజ్జనగుండ్ల దగ్గర. ఫోన్‌లో ఇంత పెద్ద పోస్టు రాయడం నాకిదే మొదలు, అక్షరదోషాలుంటే సర్దుకోండి. మా అమ్మాయి, మనవరాలు ఇద్దరూ క్షేమంగా ఇంట్లో ఉన్నారు. అలా ఉండటానికి కారణమైనవాళ్లకి నలుగురిలో దండం పెట్టుకోవాలని రాస్తున్నాను.

ముందు నా తప్పు చెప్పుకోవాలి.

మా అమ్మాయికి ఒక ప్రైవేటు నర్సింగ్ హోంలో మామూలు కాన్పయింది. తొమ్మిదో నెలలో బీపీ కొంచెం ఎక్కువగా ఉందన్నారు. టెన్షన్ పెట్టుకోవద్దని చెప్పి వదిలేశారు. మూడో రోజు ఇంటికి పంపారు. చేతికిచ్చిన కాగితంలో పాప టీకాల తేదీలున్నాయి, కుట్లు ఎలా శుభ్రం చేసుకోవాలో ఉంది. బీపీ మళ్లీ చూపించుకోమని ఒక్క ముక్క లేదు. బిల్లు మాత్రం రెండు సార్లు సరిచూసుకున్నారు.

ఐదో రోజు సాయంత్రం "అమ్మా, తలనొప్పిగా ఉంది" అంది. బాలింతకి గాలి తగిలిందనుకున్నాను. చెవుల్లో దూది పెట్టి, తలకి గుడ్డ కట్టి, నుదుటికి శొంఠి పట్టు వేశాను. ఆరో రోజు కళ్ల ముందు మిణుగురులు తిరుగుతున్నట్టుందంది. పాప రాత్రంతా నిద్రపోనివ్వడం లేదు, అందుకేలే అన్నాను. మొహం ఉబ్బితే ఒళ్లు చేసిందనుకుని సంతోషించాను కూడా. రాయడానికే సిగ్గుగా ఉంది. ఆ రెండు రోజులూ పాపకి పచ్చకామెర్లున్నాయేమోనని గంటకోసారి ఎండలో కళ్లు చూశాను. నా కూతురి మొహం వైపు అలా ఒక్కసారి చూడలేదు.

ఏడో రోజు పొద్దున మా వీధి ఆశా కార్యకర్త అమ్మాయి వచ్చింది. కాన్పైన ఇంటికి మూడో రోజు, ఏడు, పద్నాలుగు, ఇరవై ఒకటి, ఇరవై ఎనిమిది, నలభై రెండో రోజు రావడం వాళ్ల డ్యూటీ అని నాకప్పుడు తెలియదు. నిజం చెప్పాలంటే, బరువు తూచి రిజిస్టర్‌లో రాసుకుని పోతుందిలే అని టీ పెట్టడానికి లేచాను. పాపని తూచింది, వేడి చూసింది. తర్వాత మంచం అంచున కూర్చుని, "అక్కా, నీకెట్లా ఉంది?" అని మా అమ్మాయిని అడిగింది. ఏడు రోజుల్లో ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆవిడే. ఇంటికొచ్చిన చుట్టాలు పాప ఎవరి పోలికో తేల్చుకోవడంలో ఉన్నారు.

తలనొప్పి, మిణుగురులు, డొక్క పైభాగంలో పోటు. మా అమ్మాయి ఒక్కొక్కటే చెబుతుంటే ఆ అమ్మాయి మొహం మారిపోయింది. "పిన్నిగారూ, ఈ ఉబ్బు ఎప్పటినుంచి?" అంటూనే ఫోన్ తీసి ఏఎన్ఎం గారిని, అంటే మా ఏరియా ఆరోగ్య కేంద్రం నర్సమ్మని, పిలిచింది. ఆవిడ స్కూటీ మీద బీపీ మిషన్‌తో పది నిమిషాల్లో వచ్చారు. ఒక చేతికి చూశారు, కాసేపాగి రెండో చేతికి చూశారు. 170/110. 140/90 దాటితేనే జాగ్రత్త పడాలట, 160/110 దాటితే క్షణం ఆగకూడదట. "ఇది గాలి తగిలిన తలనొప్పి కాదమ్మా, ఫిట్స్ రాబోతున్నాయి" అన్నారు ఏఎన్ఎం గారు.

ఫిట్స్ అనగానే నాకు 1988 గుర్తొచ్చింది. మా మేనత్త కూతురు, పంతొమ్మిదేళ్లది, వినుకొండ దగ్గర పల్లెటూళ్లో కాన్పైన తొమ్మిదో రోజు కొట్టుకుని కొట్టుకుని పోయింది. గుర్రపువాతం అన్నారు. మంత్రం వేయించారు, దిష్టి అన్నారు, పథ్యం తప్పిందన్నారు. దానికీ రెండు రోజుల ముందు నుంచి తలనొప్పే. నేను పక్కనే ఉన్నాను. ఇన్నేళ్లూ అది గుర్తుంది గానీ, నా ఇంట్లో అదే తలనొప్పి వచ్చినప్పుడు నాకు తట్టలేదు.

108 త్వరగానే వచ్చింది. నేనేం సర్దుకోవాలో తెలియక నిలబడితే, ఆశా అమ్మాయి మా బీరువా తీసి పాప గుడ్డలు మూట కట్టింది. తనూ బండెక్కింది. పట్టాభిపురం దాటేదాకా నా చెయ్యి వదల్లేదు. బండిలో ఉన్న అబ్బాయి, మా తమ్ముడి వయసుంటుంది, పెద్దాసుపత్రికి ముందే ఫోన్ చేసి చెప్పాడు. మేం దిగేసరికి స్ట్రెచర్ గుమ్మంలో ఉంది.

జీజీహెచ్, అదే మా గుంటూరు పెద్దాసుపత్రి గురించి జనం ఎన్నో మాటలంటారు. నేనూ అన్నాను. ఆ కాన్పుల వార్డులో ఆరు రోజులున్నాక అనడానికి నోరు రావడం లేదు. మెగ్నీషియం సల్ఫేట్ ఇంజెక్షన్ ఇచ్చినప్పుడు మా అమ్మాయి "ఒళ్లంతా మంటలు పెట్టినట్టుందమ్మా" అని ఏడ్చింది. అది ఫిట్స్ రాకుండా ఆపే మందట. రాత్రంతా నర్సమ్మ గంటగంటకీ వచ్చి చిన్న సుత్తితో మోకాలి చిప్ప కింద తట్టేది. కాలు ఎగిరిందా, ఊపిరి ఎన్నిసార్లు తీస్తోంది, మూత్రం ఎంత వచ్చింది అని రాసుకునేది. మందు ఎక్కువైతే ముందు ఆ కాలి కదలికే పోతుందట, ఆ తర్వాత ఊపిరి మీదికి వస్తుందట. ముప్పై ఏళ్లు కూడా లేని ఆ నర్సమ్మ ఒక్కసారి కూడా విసుక్కోలేదు. అమ్మా, మీ పేరు అడగడం మర్చిపోయాను. ఇది మీ కంటపడితే మీకే ఈ మాట.

డ్యూటీలో ఉన్న పీజీ డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచి కూర్చోబెట్టి చెప్పింది. బిడ్డ బయటపడితే బీపీ కూడా పోతుందని అందరూ అనుకుంటారట, నిజానికి కాన్పైన మూడో రోజు నుంచి ఆరో రోజు మధ్యే బాగా పెరుగుతుందట. గర్భంలో అసలు బీపీ లేనివాళ్లకి కూడా ఆరు వారాల లోపు ఎప్పుడైనా రావచ్చట. పాలివ్వొచ్చా అని భయంభయంగా అడిగాను. వాడుతున్న మందులతో భేషుగ్గా ఇవ్వొచ్చంది. పాప ఏడ్చినప్పుడల్లా ఆయమ్మ నన్ను లోపలికి పంపేది. మళ్లీ కడుపొస్తే మొదట్లోనే ఈ సంగతి డాక్టరుకి చెప్పాలని, చిన్న మోతాదు ఆస్పిరిన్ అవసరమవుతుందని, ఇకనుంచి ఏటా బీపీ చూపించుకోవాలని ఆ డాక్టరమ్మే కాగితం మీద రాసిచ్చింది. ఆ కాగితం లామినేషన్ చేయించాను.

హైదరాబాద్ నుంచి మా అల్లుడు రాత్రి బస్సెక్కి వచ్చాడు. అతనే ఫోన్‌లో వెతికి చూపించాడు: 2018-20 లెక్కల ప్రకారం దేశంలో లక్ష సజీవ జననాలకు 97 మంది తల్లులు చనిపోతే, మన రాష్ట్రంలో 45 మంది. "మనం నయమే కదా మామయ్యా" అని మా ఆయనతో అంటున్నాడు. నయమే. కానీ నాకు ఆ 45 లో మా అమ్మాయి మొహమే కనిపించింది. ఆ లెక్కలో కాన్పయ్యాక 42 రోజుల లోపు పోయినవాళ్లు కూడా ఉంటారట. మనం పదకొండో రోజు పురుడు, ఇరవై ఒకటో రోజు ఉయ్యాల అని లెక్క పెట్టుకుంటాం. ఆశా అమ్మాయి రిజిస్టర్‌లో ఆఖరి గడి 42 ఎందుకైందో అప్పుడర్థమైంది.

మా వియ్యపురాలు ఒక్క మాట కూడా అనలేదు. వచ్చి వారం రోజులుండి వంట చేసింది. ఆవిడకి కూడా దండాలు.

నిన్నటికి 42 రోజులు. ఆశా అమ్మాయి వచ్చింది, ఏఎన్ఎం గారూ వచ్చారు. 120/80. ఐరన్ మాత్రలు మొత్తం ఆరు నెలలు వాడాలి, ఆపొద్దని గట్టిగా చెప్పి వెళ్లారు. చీర పెట్టబోతే ఆశా అమ్మాయి తీసుకోలేదు, పక్క వీధిలో మూడు రోజుల బాలింత ఉందని హడావిడిగా లేచింది. నా టీ ఈసారి కూడా సగమే తాగింది.

మేమొక బీపీ మిషన్ కొన్నాం. ఏఎన్ఎం గారు నాకు చూడటం నేర్పారు. మన వీధిలో, చుట్టుపక్కల బాలింతలెవరున్నా తలనొప్పి అన్నా, కళ్లు మసకలన్నా మొహమాటపడకుండా నన్ను పిలవండి, మిషన్ తీసుకుని వస్తాను. రాత్రయినా సరే. ఎక్కువుంటే 108 కి ఫోన్ చేసి, బండి వచ్చేదాకా నేనూ మీతోనే ఉంటాను.