ఇన్‌హేలర్ జేబులోనే ఉంది

2020 మే 4, సోమవారం

ఒరేయ్ శీనూ,

ముందు క్షమించు. నీ ఉత్తరం ఉగాదికి ముందే చేరింది. జవాబు రాద్దామని కూర్చుంటే ఒకరోజు నిద్ర, ఒకరోజు విసుగు, ఒకరోజు ఏమీ తోచకపోవడం. విమానాలు లేవు కాబట్టి ఈ కాగితాలు ఫోటోలు తీసి ఫోనులో పంపుతాను. కాని రాయడం మాత్రం కాగితం మీదే రాయాలి, మన ఒప్పందం అది.

లలిత బాగుంది. మార్చి 20న బడులు మూసినప్పటి నుంచి చిన్నదానికి వంటింటి బల్లే బడి. ఇల్లు కొనే సంగతి ఆగింది. అమ్మకు నువ్వే స్వయంగా మందులు తీసుకెళ్లి ఇచ్చావట, పోలీసులు ఆపితే చీటీ చూపించావట. దాని గురించి విడిగా రాస్తాను, ఇప్పుడు మొదలుపెడితే అసలు సంగతి మిగిలిపోతుంది.

అసలు సంగతి ఇది. నేను ఆసుపత్రికి వెళ్లడం మానేశాను. ఫార్మసిస్టు ఉద్యోగం మానలేదు, వెళ్లడం మానేశాను. శుక్రవారం నుంచి ఇంట్లోనే ఉన్నాను. జూలై దాకా గడప దాటను. ఈ మాట ఫోనులో రెండు ముక్కల్లో చెప్పవచ్చు, కాని ఎందుకో, ఎలాగో నీకు మొత్తం చెప్పాలి. నా ఉబ్బసం పిల్లికూతలు నాకంటే ముందు విన్నవాడివి నువ్వు. పదకొండో మెట్టు అంటే ఏమిటో తెలిసినవాడివి నువ్వొక్కడివే.

మార్చి 22న ఇక్కడి ప్రభుత్వం ఒక ప్రకటన చేసింది. ఈ కరోనా జబ్బు సోకితే అందరికంటే ఎక్కువగా ప్రాణం మీదికి వచ్చేవాళ్లు ఇంగ్లండులో సుమారు 15 లక్షల మంది ఉంటారు, వాళ్లకు ఉత్తరాలు వస్తాయి, ఉత్తరం అందినవాళ్లు 12 వారాలు బయటికి రాకూడదు. కూరగాయలకు కూడా పోకూడదు. ఇంట్లోవాళ్లకైనా 2 మీటర్ల దూరం, తువ్వాలు వేరు, వీలైతే పడక వేరు. దీన్ని షీల్డింగ్ అంటున్నారు. అవయవ మార్పిడి జరిగినవాళ్లు, కొన్నిరకాల కేన్సర్లకు చికిత్సలో ఉన్నవాళ్లు, ఊపిరితిత్తుల జబ్బులు ముదిరినవాళ్లు ఆ జాబితాలో ఉన్నారు. తీవ్రమైన ఉబ్బసం కూడా ఉంది. మామూలు ఉబ్బసం లేదు. మామూలు ఉబ్బసం వాళ్లు ఏటా ఫ్లూ టీకా వేయించుకునే గుంపులోకి వస్తారు. జాగ్రత్తగా ఉండాలి, మనుషులకు దూరంగా మసలాలి, ఇంటి నుంచి చేయలేని పనైతే వెళ్లి చేసుకోవచ్చు.

మరి నేను ఎక్కడ? నెలనెలా ఇంజెక్షన్లు తీసుకునేవాళ్లు, రోజూ స్టెరాయిడ్ మాత్ర మింగేవాళ్లు తీవ్రమైనవాళ్లని ఎవరైనా చెబుతారు. నాకు పొద్దున, రాత్రి కలయిక ఇన్‌హేలర్, పడుకునేముందు మాంటెలూకాస్ట్ మాత్ర. చలికాలంలో జలుబు తగిలితే ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్రలు, రోజుకు 40 మిల్లీగ్రాములు, 5 రోజులు. మొన్న నవంబరులో ఒక రాత్రి ఆసుపత్రిలో నెబ్యులైజరు పెట్టించుకున్నాను, నీకు చెప్పలేదు, అమ్మకు తెలుస్తుందని. అంటే గీతకు అటూ కాదు, ఇటూ కాదు, సరిగ్గా గీత మీదే.

ఉత్తరం రాలేదు. ఏప్రిల్ అంతా ఎదురుచూశాను. మా విభాగాధిపతిని అడిగితే, ఉత్తరం ఉందా అన్నాడు. లేదన్నాను. అయితే పేషెంట్ల దగ్గరికి వెళ్లవచ్చు అన్నాడు. మనిషి చెడ్డవాడు కాదురా, సగంమంది దగ్గుతో ఇళ్లలో ఉంటే అతను మాత్రం ఏం చేస్తాడు? కాని నా ఊపిరితిత్తుల సంగతి పోస్టులో వచ్చే కాగితం తేల్చడం ఏమిటి? అప్పుడు వచ్చిన కోపం ఇంకా తగ్గలేదు.

నాకు శ్వాసకోశ వార్డు ఇచ్చారు. ముక్కూ నోరూ మూసే గట్టి మాస్కులతో ఒత్తిడి మీద గాలి పంపే సీప్యాప్ యంత్రాలు అక్కడే ఉంటాయి. వాటివల్ల గాలిలో తుంపరలు లేస్తాయి కాబట్టి అక్కడ మామూలు మాస్కు చాలదు, ఎఫ్ఎఫ్‌పీ3 కావాలి. అది ముఖానికి సరిగ్గా అంటుకుందో లేదో చూడటానికి తలమీద ఒక గుడారం కప్పి లోపలికి చేదు మందు చల్లుతారు. చేదు తెలిసిందంటే మాస్కు పనికిరాదు. మీసం సరిచేసుకుని, గడ్డం నున్నగా గీసుకుని, నేను నెగ్గాను. నెగ్గినందుకు సంతోషించాను కూడా. శీనూ, ఆ వార్డులో పని ఎంత అవసరమో చెబితే నీకు అర్థమవుతుంది. నిద్రపుచ్చే మందులకు కొరత. ఒకటి లేకపోతే దాని బదులు ఏది, ఎంత మోతాదు, మూత్రపిండాలు దెబ్బతింటే ఎంత తగ్గించాలి? డాక్టర్లు మావైపు చూసేవారు. ఇన్నేళ్ల ఉద్యోగంలో నేను ఇంతగా పనికొచ్చిన రోజులు లేవు.

ఇక ఆ రోజు. ఏప్రిల్ చివరి వారం. మాస్కు, దాని మీద ముఖానికి అడ్డు, పొడుగు చేతుల గౌను, చేతి తొడుగులు. లోపలికి వెళ్లి చాలాసేపే అయింది. ఒక పెద్దాయన మంచం దగ్గర మందుల పట్టీ చూస్తున్నాను. ఛాతీ బిగుసుకోవడం మొదలైంది. మొదట మాస్కు వల్లేమో అనుకున్నాను, ఎందుకంటే ఆ మాస్కులో అందరికీ ఊపిరి బరువుగానే ఉంటుంది. తర్వాత వినిపించింది. నా పిల్లికూత నాకే, మాస్కు లోపల, అంత దగ్గరగా. గొంతులో ఎవరో తడిబట్ట పిండుతున్నట్టు. ఊపిరి బిగిసినప్పుడు వెంటనే పీల్చే నీలం ఇన్‌హేలర్ నా ప్యాంటు జేబులోనే ఉంది, గౌను కింద. చెయ్యి పెట్టి తడిమితే తగులుతోంది. తీయలేను. తీసినా నోట్లో పెట్టలేను. అక్కడ మాస్కు విప్పకూడదు, ఆ గది గాలిలోనే ఉంది జబ్బు.

బయటికి రావడానికీ ఒక వరుస ఉంది. ముందు చేతి తొడుగులు, చేతులకు మందు, తర్వాత గౌను, మళ్లీ చేతులు, తర్వాత కళ్లకున్న అడ్డు. మాస్కు మాత్రం గది దాటాకే, అదీ వెనకనుంచి పట్టీలు పట్టుకుని. తొందరపడితే మురికి ముఖానికి తగులుతుంది. నేను తొందరపడలేదు. నర్సు నా కళ్లు చూసి గ్రహించి పక్కన నిలబడి ఒక్కొక్కటే చెబుతూ వచ్చింది. తలుపు దాటి, మాస్కు తీసి, చేతులు కడుక్కుని, అప్పుడు పీల్చాను. ఒకటి, ఆగి ఇంకొకటి, మళ్లీ ఇంకొకటి. కారిడార్‌లో గోడకు ఆనుకుని కూర్చుండిపోయాను. ఎవరో అటువైపు వస్తూ నా దగ్గు విని వెనక్కి తిరిగి వెళ్లిపోయారు. ఈ రోజుల్లో దగ్గు వినిపిస్తే అంతే, తప్పుపట్టను.

ఇంటికి వచ్చి ఊపిరి ఎంత వేగంగా వదలగలమో కొలిచే పీక్ ఫ్లో మీటరు ఊదితే 340. నా మామూలు అంకె 500. జ్వరం లేదు, పరీక్షలో వైరస్ లేదన్నారు, కాబట్టి వచ్చింది ఉబ్బసమే. స్టెరాయిడ్లు ఈ జబ్బులో మంచివి కావని అప్పటికే చాలామంది ఇన్‌హేలర్లు సైతం మానేస్తున్నారు. నేను మానలేదు. నువ్వు కూడా మీ పక్కింటి పంతులుగారికి గట్టిగా చెప్పు, రోజువారీ ఇన్‌హేలర్ ఎట్టి పరిస్థితిలోనూ ఆపకూడదని. ఉబ్బసం అదుపులో ఉండటమే ఈ సమయంలో ఆయనకున్న రక్ష.

గురువారం మధ్యాహ్నం మా పేట డాక్టరు ఫోను చేసింది. జాబితాలో పేరు చేర్చే అధికారం తనకూ ఉందట. "నీ మందులు చూస్తే చేర్చడానికీ కారణం ఉంది, చేర్చకపోవడానికీ ఉంది. పన్నెండు వారాలు లోపలే ఉండటం తేలిక కాదు, దానివల్ల మనుషులు కుంగిపోవడం చూస్తున్నాను. నువ్వే చెప్పు" అంది. నాకు మాట రాలేదు. నిర్ణయం నాకే వదిలేస్తుందనుకోలేదు. ఆమే కాసేపాగి, "ఒకటి అడుగుతాను. ఆ వార్డులో ఊపిరి అందకపోతే ఎంత సేపట్లో ఇన్‌హేలర్ నోట్లో పెట్టుకోగలవు?" అంది. రేపు చెబుతానన్నాను.

ఆ సాయంత్రం ఎనిమిది గంటలకు, ప్రతి గురువారంలాగే, వీధి అంతా బయటికి వచ్చి చప్పట్లు కొట్టింది. మార్చి 26 నుంచి జరుగుతోంది ఇది, ఆసుపత్రులవాళ్ల కోసం. ఎదురింటి ముసలామె గిన్నె మీద గరిటెతో కొడుతూ మా కిటికీ వైపు తిరిగి నన్ను చూసి తల వంచింది. చిన్నది గంతులేస్తోంది, నాన్న కోసం నాన్న కోసం అంటూ. నేను చెయ్యి ఊపి లోపలికి వచ్చేశాను. ఎలా చెప్పను, శీనూ. రేపు వెళ్లకపోతే ఆ చప్పట్లు ఎవరివి? వార్డులో నాతోపాటు తిరిగే కేరళ అమ్మాయి, ఇద్దరు పిల్లల తల్లి, ఆమెకు ఇంకా రెండు వార్డులు కలుస్తాయి. వాడు భయపడ్డాడు అనుకుంటారా? అనుకుంటే అనుకోనీ అనలేను, ఆ మనుషులంటే నాకు గౌరవం.

లలిత ఏడవలేదు, అరవలేదు. అంట్లు తోముతూ, వెనక్కి తిరగకుండా అంది: "నీకు ఊపిరి ఆడకపోతే వాళ్లే కదా నిన్ను కూడా చూడాల్సింది." ఇక్కడ మొదట చనిపోయిన పదిమంది డాక్టర్లూ తెల్లవాళ్లు కారని పత్రికలు రాశాయి. అది ఆమె చదివిందని నాకు తెలుసు. ఆ మాట మాత్రం ఎత్తలేదు. మొన్న బుధవారమే పైనుంచి ఆసుపత్రులకు ఉత్తరం వచ్చింది, మనలాంటి సిబ్బందికి ప్రమాదం ఎంతో విడిగా అంచనా వేయమని. అది నెల ముందే రావాల్సింది.

నేలమాళిగలోని మందుల గదిలో పని చేయవచ్చు కదా అని కూడా ఆలోచించాను. అక్కడ పేషెంట్లు ఉండరు. కాని ఇద్దరు ఎదురుపడితే పక్కకు తిరగాల్సినంత ఇరుకు గది అది, లిఫ్టు ఒకటే, బట్టలు మార్చుకునే గది ఒకటే. రాత్రంతా లెక్కలు వేశాను. ఎటు తిప్పినా డాక్టరు అడిగిన ప్రశ్న దగ్గరికే వచ్చి ఆగాను. వైరస్ సోకుతుందో లేదో నా చేతిలో లేదు. మందు జేబులో ఉండీ అందని ఆ కొద్ది నిమిషాలను మాత్రం నేను చూశాను. వాటిలోకి తెలిసి తెలిసి మళ్లీ వెళ్లను. శుక్రవారం పొద్దున ఫోను చేసి నా పేరు చేర్చమన్నాను. విభాగాధిపతికి కూడా నేనే చెప్పాను. కేరళ అమ్మాయి వెంటనే సందేశం పెట్టింది, "ఇప్పటికైనా" అని. ఆ ఒక్క మాటకు ఎంత తేలికయ్యానో!

మా మందుల చీటీలన్నీ కంప్యూటర్‌లోనే ఉంటాయి కాబట్టి వాటిని ఇంటినుంచే సరిచూస్తాను. ఇళ్లకు వెళ్లినవాళ్లకు ఫోను చేసి మందులు ఎలా వాడాలో చెప్పే పని కూడా ఇస్తామన్నారు. జీతం పూర్తిగా వస్తుంది. ఇక్కడే ఇంకో సంగతి కలుక్కుమంటోంది. లలిత వాళ్ల ఊరి కుర్రాడు ఒకడు, చదువుకుంటూ గిడ్డంగిలో పని చేస్తాడు, వాడికీ ఉబ్బసమే. పని ఇచ్చే ఏజెన్సీ 80 శాతం జీతమిచ్చే ప్రభుత్వ పథకంలో వాడి పేరు పెట్టనంది. ఉత్తరం ఉంటే జబ్బు సెలవు భత్యమైనా వస్తుంది, వారానికి 95 పౌండ్ల 85 పెన్నీలు. గది అద్దెకే అది చాలదు. ఉత్తరం లేకపోతే అదీ లేదు. "అన్నా, నేను వెళ్తాను" అన్నాడు ఫోనులో. వెళ్లొద్దనడానికి నాకు నోరు రాలేదు. అద్దె మేం కొంత కడదామని లలిత అంటోంది, వాడు ఒప్పుకుంటాడో లేదో... వాడి సంగతి ఇంకా ఆలోచించాలి.

ఇప్పుడు నేను పైగదిలో ఉన్నాను. భోజనం మెట్ల మీద పెడతారు. చిన్నది మెట్ల కింద కూర్చుని పాఠం చదివి వినిపిస్తుంది, ముట్టుకోవడం లేదు. ఒకరోజు బాగుంటుంది, ఒకరోజు గోడలు మీదికి వస్తాయి. జూన్ వస్తోంది, మృగశిర కార్తె వస్తోంది, నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో ఉబ్బసానికి వేసే చేపమందు గుర్తొస్తోంది. ఆ రెండో కొర్రమీను సంగతి నువ్వు మీ ఆవిడకు చెప్పలేదు కదా? చెప్పి ఉంటే మాత్రం ఊరుకోను. మీ నాన్నగారు మన ముక్కులు మూసి... సరే, అది వచ్చినప్పుడు.

అమ్మకు నేను ఇంటినుంచే పని చేస్తున్నానని మాత్రం చెప్పు. అందరూ అలాగే చేస్తున్నారని చెప్పు, నిజమే కదా. వార్డు సంగతి వద్దు, నవంబరు సంగతి అసలే వద్దు. ఆమె అడిగితే

ఆసుపత్రి కంప్యూటర్ విభాగం వాళ్ల ఫోను, పదకొండింటికి చేస్తామన్నారు, ముందే చేశారు. ఎత్తకపోతే మళ్లీ రేపటిదాకా దొరకరు. ఉంటాను.

నీ
రఘు