రాసింది చదవకుండానే మూసేసిన ఫిర్యాదు టికెట్ గురించి

గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,

నమస్కారం. రిమ్ములకు అతికించి సిద్ధంగా అమ్మే ఆర్‌సీ (రిమోట్‌తో నడిపే చిన్న కార్ల) టైర్లు, 1:8 బగ్గీకి, అంటే అసలు కారులో ఎనిమిదో వంతు సైజు మోడల్‌కు సరిపోయేవి, ఒక సెట్టు మీ దగ్గర కొన్నాను. నాలుగు చక్రాల్లో రెండింటికి లోపలి వైపు అంచున జిగురే పడలేదు. బయటి వైపు మాత్రం చుట్టూ బాగానే పట్టుకుంది. ఫ్యాక్టరీలో ఇలాంటి పొరపాటు జరుగుతుంది, దానికి నాకు కోపం లేదు. మార్చి ఇచ్చి ఉంటే ఆ రోజే మర్చిపోయేవాణ్ణి. జూన్ 4 నుంచి ఈ రోజు, జూన్ 28 దాకా, నేను చెప్పింది విన్నవాళ్లు, రాసింది చదివినవాళ్లు మీ కంపెనీలో ఒక్కరు కూడా లేకపోయారు. నా ఫిర్యాదు అది.

మొదట ఫోన్ ఎత్తినాయన "టైరు రిమ్ము నుంచి ఊడుతోంది" అనగానే "గాలి ఎంత కొట్టారు సర్?" అని అడిగారు. ఈ టైర్లలో గాలి కొట్టరండీ. లోపల ఫోమ్ ఉంటుంది. ఉన్న గాలి బయటికి పోవడానికి రిమ్ముకో టైరుకో చిన్న రంధ్రాలు కూడా పెడతారు. టైరు రిమ్ము మీద నిలబడేది రిమ్ము అంచున ఉండే గాడిలో వేసిన జిగురుతోనే. ఇదంతా నిదానంగా చెప్పాను. "నోట్ చేసుకున్నాను సర్" అన్నారు. మర్నాడు మీ మెసేజ్ వచ్చింది: "మీ పంక్చర్ ఫిర్యాదు నమోదైంది."

తర్వాత చాట్‌లో ఫొటోలు అడిగారు. ఆరు పంపాను. బొటనవేలితో సైడ్‌వాల్‌ను (టైరు పక్క భాగాన్ని) పక్కకు నొక్కితే టైరు అంచు గాడిలోంచి లేచి లోపలి పసుపు ఫోమ్ కనబడుతుంది. గాడిలో జిగురు ఎండిన గీత లేదు, తెల్లటి మరక లేదు, ప్లాస్టిక్ అచ్చులోంచి అప్పుడే తీసినట్టు మెరుస్తోంది. నాలుగో ఫొటోలో ఇది స్పష్టంగా ఉంది. "ఫొటోలో టైరు బాగానే ఉంది సర్" అని జవాబు. వేలితో నొక్కకుండా తీసిన మొదటి ఫొటో ఒక్కటే చూసి ఆపేశారని తెలిసిపోతోంది.

మూడోసారి మాట్లాడినామె "ఫెవిక్విక్ వేసి వాడేసుకోండి, ఇంత చిన్నదానికి రిటర్న్ ఎందుకు" అన్నారు. ఇది చిన్న పని కాదు. కొత్త టైరుకు అచ్చులో అంటుకోకుండా పూసిన జిడ్డు పొర మిగిలి ఉంటుంది. దాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, అంచును గరుకు కాగితంతో రుద్ది, ఆరనివ్వాలి. అది చేయకుండా వేసిన జిగురు పొరలా లేచొచ్చేస్తుంది. తర్వాత ఫోమ్ మడత పడకుండా సర్ది, అంచు చుట్టూ గాడిలో కూర్చుందని చూసుకుని, వెడల్పాటి రబ్బరు బ్యాండు వేసి బిగించాలి. జిగురు నీళ్లలా పలచగా ఉండాలి. అప్పుడే సందులోకి తనంతట తాను పాకుతుంది. చిక్కటిదైతే వేసినచోటే గడ్డకట్టి మిగతా అంచు ఖాళీగా వదిలేస్తుంది. అంచును కొద్దిగా తెరిచి నాలుగైదు చోట్ల ఒక్కో చుక్క వేసి, ఆరాక చక్రం తిప్పి రెండో వైపు చేయాలి. ఎక్కువ పోస్తే ఫోమ్‌లోకి కారి రాయిలా గట్టిపడుతుంది, చక్రం బ్యాలెన్స్ తప్పుతుంది. త్వరగా ఆరాలని స్ప్రే కొడితే అతుకు పెళుసవుతుంది. మీ చక్రాల్లో బయటి అంచు అప్పటికే అతుక్కుని ఉంది కాబట్టి లోపలి అంచును పూర్తిగా తెరిచి శుభ్రం చేయడం చాలా కష్టం.

అయినా "నేనే అతికిస్తే రిటర్న్ హక్కు పోతుందా?" అని రాతపూర్వకంగా అడిగాను. "పోదు సర్" అని చాట్‌లో ఉంది. నాలుగు రోజులకు మీ సీనియర్ గారి ఈమెయిల్: కస్టమర్ సొంతంగా జిగురు వాడితే రిటర్న్ వర్తించదు. ఆ రెండింటిలో ఏది నిజమో అడిగితే జవాబు లేదు. అందుకే చక్రాలకు నేను జిగురు వేయలేదు.

అన్నిటికన్నా బాధ పెట్టింది ఆ తర్వాతి మాట. "రిమ్ముల మీద ఫిర్యాదు లేదు కదా, టైర్లు మాత్రం విడదీసి పంపండి" అన్నారు. అతికిన టైరును విడదీయాలంటే మరిగే నీళ్లలో అరగంట ఉంచి వేడివేడిగా లాగాలి, లేదా అసిటోన్‌లో నానబెట్టాలి. అసిటోన్‌కు కొన్ని ప్లాస్టిక్ రిమ్ములు మెత్తబడిపోతాయి. అంటే సరుకు నేనే పాడుచేసి పంపితే అప్పుడు చూస్తారన్నమాట! ఈ సంగతి వివరంగా రాసిన మర్నాడే టికెట్ "పరిష్కరించబడింది" అని మూసేసి, సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారని అడిగారు.

ఆరేళ్లుగా ఆర్మ్‌లు, షాక్ ఆయిల్, పినియన్లు లాంటి ఈ కార్ల సామాను మీ దగ్గరే కొంటున్నాను. కొత్తగా కారు కొన్నవాళ్లకు మీ పేరే చెప్పాను. వాళ్లకిప్పుడు ఏం చెప్పాలి? ఒక వైపే అతికిన టైరు వేగం అందుకోగానే ఉబ్బి, అంచు చీలి, బాడీని కొడుతుంది. లేదంటే ఫోమ్‌తో సహా ఎగిరిపోతుంది. ట్రాక్ పక్కన పిల్లలు నిలబడతారండీ.

2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోపు పరిష్కరించాలి. తెలిపింది పంక్చర్ గురించి. నెల జూలై 4తో నిండుతుంది. ఆలోగా నాలుగు చక్రాలూ మార్చి ఇవ్వండి, లేదా డబ్బు మొత్తం తిరిగివ్వండి. ముందుగా, ఒక్కసారైనా తన చేత్తో టైరు అతికించినవారితో నాకు ఫోన్ చేయించండి. లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తాను, చాట్ కాపీలన్నీ పట్టుకుని 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను.

చక్రాలు మీ పెట్టెలోనే, బిల్లుతో సహా ఉన్నాయి. జిగురు పడనిచోట అంచు కింద కాగితం ముక్క దూర్చి పెట్టాను. తెరిచినవారు వెతుక్కోనక్కర్లేదు, ముక్కను వేలితో లాగితే ఊడి వస్తుంది.

ఇట్లు,
మీ కస్టమర్,
హైదరాబాద్