అత్తయ్యకు ఊరు చూపించేటప్పుడు

నరసరావుపేట,
సెప్టెంబరు 8.

చి. సుధకు నాన్న ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ అందరమూ క్షేమంగా ఉన్నాము. నీ క్షేమం నీ నోట విని చాలా రోజులైంది. మా సందేశాలకు బదులుగా నీవు పెట్టే బొటనవేలి గుర్తు చూసి పిల్ల బాగానే ఉన్నదని అనుకుంటున్నాము. అయితే ఈ ఉత్తరం అందుకోసం కాదు. అక్టోబరు మొదటి వారంలో అత్తయ్యా మామయ్యా అల్బుకర్కీలో బెలూన్ల పండుగ చూసుకుని, అక్కడి నుంచి శాంటా ఫేకు వచ్చి కొన్నాళ్ళు నీ దగ్గర ఉంటారట. కిందటేడు మేము ఆ ఊరు చూసి వచ్చినవాళ్ళము గనుక, పెద్దవాళ్ళ కాళ్ళకూ కళ్ళకూ ఏది సరిపడుతుందో వ్రాస్తే నీకు పనికివస్తుందని కూర్చున్నాను.

అన్నిటికంటే ముందు ఎత్తు సంగతి. మీ ఊరు ఏడు వేల అడుగుల ఎత్తున ఉన్నది. అమెరికా రాష్ట్ర రాజధానులన్నిటిలోనూ అంత ఎత్తున ఉన్నది మరొకటి లేదు. మామయ్యకు రక్తపోటు ఉన్నది, పైగా ఎవరి మాటా వినడు. మొదటి రోజు ఎక్కడికీ తిప్పవద్దు. దాహం వేయకపోయినా మంచినీళ్ళు తాగించు. అక్కడి ఎండ చల్లగా ఉన్నట్టే ఉండి మాడుస్తుంది, కాబట్టి టోపీ లేకుండా బయలుదేరనివ్వకు. అల్బుకర్కీ నుంచి రైల్ రన్నర్ అనే రైలు గంటన్నరలో శాంటా ఫే చేరుస్తుంది. నీకు సెలవు దొరక్కపోతే కారు తీసుకుని ఎదురు వెళ్ళవలసిన పని లేదు. సెలవు దొరకడం ఇప్పుడు నీకు కష్టమో సులభమో నాకు తెలియదు.

రెండో రోజు ప్లాజాతో, అంటే ఊరి నడుమనున్న చౌకుతో, మొదలుపెట్టు. దానికి ఉత్తరపు వైపున్న గవర్నర్ల భవనం స్పెయిన్ వాళ్ళు 1610లో కట్టినది. చూడడానికి పొడవాటి మట్టి వసారాలాగా ఉన్నదని అత్తయ్య పెదవి విరవకముందే 1680 కథ చెప్పాలి. అంతకు అయిదేళ్ళ ముందు స్పెయిన్ అధికారులు మంత్రగాళ్ళని పేరు పెట్టి ప్యూబ్లోలనే మూలవాసుల గ్రామాల పెద్దలను పట్టి కొరడాలతో కొట్టించారు. ఆ దెబ్బలు తిన్నవారిలో ఒకడైన పోపే, వేరువేరు భాషలు మాట్లాడే గ్రామాలన్నిటికీ వేగంగా పరుగెత్తే వార్తాహరుల చేత ముడులు వేసిన తాళ్ళు పంపాడు. రోజుకొక ముడి విప్పుతూ పోతే చివరి ముడి విప్పిన రోజున అన్ని గ్రామాలూ ఒక్కసారిగా తిరగబడాలి. కబురు మోసే ఇద్దరు దొరికిపోవడంతో అనుకున్న రోజు కంటే ముందే లేచారు. అయినా స్పెయిన్ వాళ్ళను ఆ భవనంలో ముట్టడించి, నీళ్ళు ఆపి, ఊరు విడిచి పారిపోయేలా చేశారు. మళ్ళీ 1692 దాకా ఆ ఊళ్ళో వాళ్ళ జెండా ఎగరలేదు. ముప్పై ఏళ్ళు సాంఘిక శాస్త్రం చెప్పినవాడిని, పాఠ్యపుస్తకంలో ఈ పేరు నాకెన్నడూ తగలలేదు. తాడూ ముడులూ తప్ప మరేమీ లేని మనుషులు కొండలూ ఎడారులూ దాటించి కబురు చేర్చుకున్నారంటే, చేతిలో ఫోను పెట్టుకున్నవాళ్ళ గురించి నేను వేరే చెప్పనక్కరలేదు.

ఆ భవనం వసారాలో గోడ వారగా గుడ్డలు పరుచుకుని కూర్చుని నగలు అమ్మే వాళ్ళంతా అక్కడి మూలవాసులే. తామో తమ ఇంటివాళ్ళో స్వయంగా చేసినవే అక్కడ అమ్మాలని నియమం. అందువల్ల అత్తయ్యకు ముందుగానే చెప్పి తీసుకువెళ్ళు, లేకపోతే మీ అమ్మ చేసినట్టే చేస్తుంది. ఆ రోజు మీ అమ్మ వాణి పెళ్ళికని నీలిరాళ్ళ కమ్మలు చేతిలోకి తీసుకుంది. కేవా ప్యూబ్లో నుంచి వచ్చానన్న ఒక పెద్దావిడ ఎనభై డాలర్లు అన్నది. మీ అమ్మ, పట్నం బజారులో నిలబడ్డట్టే, నలభై అన్నది. ఆవిడ కోపగించుకోలేదు, నవ్వనూ లేదు, ఇవి మా చెల్లెలు చేసినవని మాత్రం చెప్పింది. మీ అమ్మ నలభై అయిదు అన్నది. నా బడి ఇంగ్లీషుతో ఈ బేరమంతా నేనే మోస్తున్నాను. ఇంతలో ఆవిడ చూపు మీ అమ్మ మెడలో నల్లపూసల మధ్యనున్న పగడాల మీద పడింది. ఎక్కడివని అడిగింది. అమ్మమ్మవి అని చెప్పించింది మీ అమ్మ. ఆవిడ శాలువా లోపలి నుంచి తన దండ పైకి తీసింది. అందులోనూ పగడాలు, మధ్యలో నీలిరాళ్ళు, గవ్వ చిప్పలు. అవీ వాళ్ళ అమ్మమ్మవేనట. సముద్రం కనుచూపు మేరలో లేని ఆ కొండల్లోకి పగడం ఎలా వచ్చిందని నేను అడగబోతే ఇద్దరూ నా మాట వినిపించుకునే స్థితిలో లేరు. వేళ్ళతో పూసలు తిప్పి చూసుకుంటూ, ఒకరిది ఒకరు వెలుగులో పట్టి, ఎవరి భాషలో వాళ్ళు చాలాసేపు మాట్లాడుకున్నారు. సరే, స్నేహం కుదిరింది కదా అని మీ అమ్మ అరవై అన్నది. ఆవిడ అప్పుడు నవ్వి, ఎనభై అన్నది. మీ అమ్మ ఎనభై ఇచ్చి, దణ్ణం పెట్టి వచ్చి, నేను సరిగా చెప్పి ఉంటే యాభైకి వచ్చేదని దారి పొడవునా నన్ను సాధించింది.

ఆ సేపంతా నీవు కెథీడ్రల్ మెట్ల దగ్గర ఫోనులోనే ఉన్నావు. ఆఫీసు నుంచి అన్నావు. ఆదివారం నాడు ఆఫీసు ఫోనేమిటని నేను అడగలేదు.

లొరెట్టో చాపెల్‌కు మామయ్యను తప్పకుండా తీసుకువెళ్ళు. ముప్పై మూడు మెట్ల కొయ్య మెట్లవరుస రెండు పూర్తి చుట్లు తిరిగి పైకి వెళుతుంది, నడుమ స్తంభం లేదు, ఇనుప మేకు లేదు. పై అంతస్తుకు దారి లేక అక్కడి సన్యాసినులు తొమ్మిది రోజులు ప్రార్థించారనీ, ఎవరో వడ్రంగి గాడిదతో వచ్చి, పని ముగించి కూలి అడగకుండా వెళ్ళిపోయాడనీ చెబుతారు. మామయ్య ఇంజనీరు గనుక లోపలి వంపు చాలా బిగువుగా ఉండి అదే స్తంభం పని చేస్తున్నదని వాదిస్తాడు. ఆ మాట నిజమే, కానీ అక్కడ గట్టిగా అనవద్దని చెప్పు. మెట్లెక్కనివ్వరు కాబట్టి అత్తయ్య మోకాళ్ళకు భయం లేదు. ఆ వీధిలోనే కొంచెం ముందుకు నడిస్తే శాన్ మిగెల్ అనే చిన్న మట్టి చర్చి వస్తుంది. అమెరికా ప్రధాన భూభాగంలో అతి పాతది అదేనంటారు. కెథీడ్రల్ కంటే నాకు అదే నచ్చింది. ఇవన్నీ ఒక పూటలో నడిచి చూసేవే.

ఊరంతా ఒకే మట్టి రంగులో ఎందుకున్నదని అత్తయ్య అడుగుతుంది. పాత పేటలో ఇళ్ళు ఆ పద్ధతిలోనే ఉండాలని 1957లో చట్టం చేశారు. గడ్డి కలిపి ఎండబెట్టిన మట్టి ఇటుకలూ, గోడ దాటి బయటికి పొడుచుకొచ్చిన దూలాలూ చూసినప్పుడు నాకు మాచర్ల దగ్గర తాతయ్యగారి మట్టి మిద్దె గుర్తుకు వచ్చింది. కాకపోతే ఇప్పుడు చాలా వాటికి పైన ఉన్నది సిమెంటు పూతే. కెన్యన్ రోడ్ మీద వరుసగా ఉన్న చిత్రశాలలకు వాళ్ళను గంట మించి తిప్పకు, ధరలు చూసి మామయ్యకు రక్తపోటు పెరుగుతుంది.

జొజోబ్రాను వాళ్ళు చూడలేరు, అది ఈపాటికే అయిపోయి ఉంటుంది. 1924 నుంచి ఏటా కాల్చే ఆ యాభై అడుగుల బొమ్మ కడుపులో ఊరివాళ్ళు తమ దిగుళ్ళు కాగితం మీద వ్రాసి వేస్తారని నీవే చెప్పావు. నీవు ఈసారి ఏమైనా వ్రాసి వేశావేమో. మంటలో వేసేదానికి కాగితం దొరికినప్పుడు మాకూ ఒక ముక్క వ్రాయవచ్చును.

ఇక మ్యూజియం హిల్. అక్కడి జానపద కళల మ్యూజియానికి ఒక పూట పూర్తిగా కేటాయించు. అలెగ్జాండర్ గిరార్డ్ అనే ఆయన లోకమంతా తిరిగి పోగుచేసిన లక్షకు పైగా బొమ్మలు ఇచ్చేశాడు. వాటిలో సుమారు పదివేలు, ఊళ్ళూ సంతలూ పెళ్ళి ఊరేగింపులూగా అమర్చి 1982 నుంచి ప్రదర్శనలో ఉన్నాయి. దేనికీ చీటీ లేదు, ఏ దేశానిదో ఊహించుకుంటూ తిరగవలసిందే. కొండపల్లి బొమ్మ కోసం నేను అద్దాలకు ముక్కు ఆనించి వెతికాను, కాపలా అతను రెండుసార్లు దగ్గాడు.

ఆ కొండ మీదనే, పెద్ద కంచు విగ్రహం ఉన్న ఆ ఆవరణలోనే, ఒక బుధవారం మధ్యాహ్నం నీవు ఒంటరిగా కూర్చుని ఉండగా చూశానని, పలకరించేలోగా లేచి వెళ్ళిపోయావని శీను మీ బాబాయితో అన్నాడట. బాబాయి అత్తయ్యతో అన్నాడు. అత్తయ్య మాకు ఫోను చేసేసరికి నీ ఉద్యోగం పోయి మూడు నెలలైనట్టు, ఇల్లు ఖాళీ చేస్తున్నట్టు తయారైంది. శీను చిన్నప్పటి నుంచి ఎలాంటివాడో నాకు తెలుసు. బుధవారం నాడు మనిషికి సెలవు ఉండకూడదనీ లేదు. నేను ఉపదేశం చేయదలచుకోలేదు. అయితే ఉద్యోగాలు పోవడం, రావడం లోకంలో ఉన్నదే. 1986లో నేను ఇంట్లో కూర్చున్న ఏడాది సంగతి మీ అమ్మను అడుగు. పోయినదాని కంటే దాన్ని దాచిపెట్టడానికి పడే పాటు మనిషిని ఎక్కువ తింటుంది. దాచేవాళ్ళు వేళకు తినరు, రాత్రిళ్ళు మేలుకుంటారు, ఫోను ఎత్తరు. వీసా గడువుల వంటివి ఉంటే లాయరును ముందే కలవాలి, రేపు మాపు అనకూడదు. ఇది నీ గురించి వ్రాసినది కాదు, మామూలుగా వ్రాసినది.

బాండెలియర్‌కు మామయ్యను మాత్రమే తీసుకువెళ్ళు. మెత్తని బూడిదరాతి కొండల్లో తొలిచిన గుహ ఇళ్ళు కింది నుంచి చూస్తే చాలును. నూట నలభై అడుగుల పైనున్న గుహకు నాలుగు నిచ్చెనలు ఎక్కాలి, ఎక్కుతానంటాడు, ఎక్కనివ్వకు. నీవు కూడా ఒక్కదానివే అక్కడికి వెళ్ళవద్దు. అక్టోబరులో కొండల మీద ఆస్పెన్ చెట్ల ఆకులు పసుపురంగుకు తిరుగుతాయి గనుక స్కీ బేసిన్ దారిలో కారులోనే తిప్పి తీసుకురా. భోజనంలో ఎర్ర మిరపా పచ్చ మిరపా అని అడిగితే 'క్రిస్మస్' అనాలని, అంటే రెండూ వేస్తారని అత్తయ్యకు నేర్పు. గుంటూరు మిరప ముందు ఇదొక కారమా అని ఆవిడ అనక మానదు, అననీ.

వాళ్ళ చేత మీ అమ్మ గోంగూర పచ్చడి, కందిపొడి, రెండు దుప్పట్లు పంపుతున్నది. దుప్పట్లు ఎందుకని అడిగితే నాకు జవాబు చెప్పలేదు. నీ పేరున ఇక్కడి బ్యాంకులో వేసిన డిపాజిట్ గడువు ఈ నెలాఖరుతో తీరుతుంది. దాన్ని మళ్ళీ వేయాలా, లేక చేతికి అందేలా ఉంచాలా అన్నది నీవు చెప్పేదాకా మేనేజరును ఆగమన్నాను. ఆదివారం మీకు రాత్రి తొమ్మిదైతే మాకు సోమవారం పొద్దున్నే. నేను ఫోను పక్కనే ఉంటాను. అత్తయ్యావాళ్ళు వచ్చేలోగా చెయ్యి, ఏ సంగతైనా వాళ్ళ కంటే ముందు మాకు తెలియడం మంచిది.

ఇట్లు,
మీ నాన్న