మొటిమలున్న మొహానికీ మాయిశ్చరైజర్ కావాలి

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో, అందం పేజీలో మొటిమలకు చిట్కాలు వేశారు. జిడ్డు చర్మం ఉన్నవాళ్ళు క్రీముల జోలికే పోవద్దని, రోజుకు నాలుగైదు సార్లు సబ్బుతో మొహం కడుక్కోమని, నిమ్మరసంలో వంటసోడా కలిపి రాస్తే మొటిమలు ఎండిపోతాయని రాశారు. తెనాలిలో మాకు మందుల షాపు ఉంది, నేను ఫార్మసిస్టుని. ఇలాంటి చిట్కా పేపర్లో పడితే వారం తిరక్కుండా దాన్ని పాటించిన మొహాలు మా కౌంటర్ ముందుకొస్తాయి. అందుకే ఈ ఉత్తరం, కొంచెం పొడుగైనా పూర్తిగా వేయమని కోరుతున్నాను.

మా దగ్గరికి మొటిమల మందుకి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది ఇంటర్, డిగ్రీ పిల్లలే. హాస్టల్లో బోరు నీళ్ళు, నిద్ర చాలదు, పరీక్షల టెన్షన్, అద్దంలో చూసుకోవాలంటే బాధ. చర్మ డాక్టరు దగ్గరికి వెళ్తే అడాపలీన్ జెల్లో, బెంజాయిల్ పెరాక్సైడో రాస్తారు, చీటీలో అన్నిటికంటే కింద ఒక మాయిశ్చరైజర్ కూడా రాస్తారు. పిల్లలు వచ్చి "మందు ఒక్కటి చాలు, ఆ క్రీము వద్దు" అంటారు. డబ్బులు మిగుల్తాయని కొందరు, అసలే జిడ్డు మొహం, దాని మీద ఇంకో జిడ్డెందుకని కొందరు. కొన్నాళ్ళకే ముక్కు పక్కన పొట్టు రేగి, పెదాల మూలలు పగిలి, నీళ్ళు తగిలినా మంట అంటూ తిరిగొస్తారు, ఈ మందు నాకు పడలేదని ఆపేస్తారు. అడాపలీన్ ఫలితం కనపడాలంటే రెండు మూడు నెలలు పడుతుంది, వీళ్ళేమో మొదటి నెల కూడా దాటరు. మందు పనిచేయక కాదు, చర్మం ఓర్చుకోలేక మానేస్తున్నారు. ఆ ఓర్పునిచ్చేది చీటీలో కింద రాసిన ఆ క్రీమే, దాన్నే వదిలేస్తున్నారు.

మొన్నామధ్య ఒక అమ్మాయి షాపు ఖాళీ అయ్యేదాకా పక్కన నిలబడి, అప్పుడు స్కార్ఫ్ తీసింది. రెండు బుగ్గలూ కందిపోయి నున్నగా మెరుస్తున్నాయి, రేగిన పొట్టులో ఫేస్ పౌడర్ తెల్లగా ఇరుక్కుపోయి ఉంది. "నవ్వితే బుగ్గలు లాగేస్తున్నాయి ఆంటీ" అంది. ఏం రాస్తున్నావమ్మా అంటే రాత్రి డాక్టరు ఇచ్చిన జెల్, సాయంత్రం నిమ్మరసం, సోడా, స్నానానికి ఒంటి సబ్బు. మొటిమలు ఎన్ని ఉన్నాయో అన్నీ అలాగే ఉన్నాయి, పైగా ఈ మంట. నాలుగు రోజులు అన్నీ ఆపి, వాసన లేని మామూలు మాయిశ్చరైజర్ ఒక్కటే రాసుకుని, మళ్ళీ డాక్టరుకు చూపించుకుని మందు మొదలుపెట్టమని చెప్పి పంపాను.

చిట్కాలు రాసేవాళ్ళు జిడ్డునీ తేమనీ ఒకటే అనుకుంటున్నారు. జిడ్డు చర్మం లోపలి గ్రంథుల నుంచి వస్తుంది. తేమ అంటే పై పొరలో నిలిచే నీరు, ఆ నీరు ఆవిరైపోకుండా పట్టి ఉంచేవి పై పొర కణాల మధ్య ఉండే సెరమైడ్లు అనే కొవ్వులు, కొలెస్టరాల్, కొవ్వు ఆమ్లాలు. మొహం జిడ్డు కారుతూనే లోపల నీరు చాలక బిగుసుకుపోవచ్చు, మొటిమల మందు వాడేవాళ్ళలో రోజూ చూస్తాం. పులుపునీ క్షారాన్నీ కొలిచే అంకెను పీహెచ్ అంటాం, 7 కంటే తగ్గితే పులుపు, పెరిగితే క్షారం. ఆరోగ్యంగా ఉన్న చర్మం పీహెచ్ దాదాపు 5, అంటే కాస్త పులుపు వైపు. మామూలు ఒంటి సబ్బు 9, 10 దాకా ఉంటుంది. నిమ్మరసం 2 దగ్గర, వంటసోడా నీళ్ళు 8 పైన, రెండూ కలిపితే పొంగి చల్లారాక ఎటు మొగ్గుతుందో ఎవరి చెంచా కొలతను బట్టి వాళ్ళకి. పైగా నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళ్తే కొందరికి చర్మం కాలినట్టయి బొబ్బలు, ఆ తర్వాత ముదురు మచ్చలు వస్తాయి. మన ఛాయ చర్మానికి ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే మనకు ఎక్కడ మంట పుట్టినా అక్కడ నల్ల మచ్చ పడుతుంది, మొటిమ వారంలో పోయినా మచ్చ నెలల తరబడి ఉంటుంది. మొటిమ ఎండబెట్టాలని చేసే ప్రతి మోటు పనీ ఇంకో మచ్చకి దారి.

మరి ఏ మాయిశ్చరైజర్ కొనాలి? నన్ను అడిగేవాళ్ళకు నేను బ్రాండ్ పేరు కంటే ముందు ట్యూబు వెనక్కి తిప్పమంటాను. మన దేశంలో 2020 కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం ఒక శాతం కంటే ఎక్కువున్న పదార్థాలను ఎక్కువ నుంచి తక్కువకి వరసలో రాయాలి, కాబట్టి ముందున్న పేర్లే అసలు సరుకు. నీరు తర్వాత గ్లిజరిన్ కనపడితే మంచిదే, చవకైనదీ నమ్మకమైనదీ అది. సెరమైడ్, పాంథెనాల్, స్క్వాలేన్, డైమెథికోన్ ఉన్నవి సాధారణంగా ఇలాంటి చర్మానికి బాగా పడతాయి. డైమెథికోన్ సిలికోన్ కాబట్టి రంధ్రాలు మూసేస్తుందని ఒక భయం ప్రచారంలో ఉంది, ఆ భయం అక్కర్లేదు. నియాసినమైడ్, అంటే విటమిన్ బి3, కొద్ది మోతాదులో ఉంటే మంచిదే, కానీ పది శాతం అని డబ్బా మీద పెద్దక్షరాల్లో వేసినవి సున్నితమైన చర్మం వాళ్ళలో కొందరికి మంట పెడతాయి. ఎక్కువైతే ఎక్కువ మేలని అనుకోకండి.

వదిలేయాల్సినవి చెప్తాను. మొదటిది సువాసన. ఫ్రాగ్రెన్స్ అనో పర్ఫ్యూమ్ అనో ఉంటే సున్నితమైన చర్మానికి అది వద్దు, లావెండర్, పిప్పర్మెంట్, నారింజ తొక్క నూనెలు కూడా సువాసన కిందికే వస్తాయి, సహజమైనవని మినహాయింపు ఏమీ లేదు. ఇంకో సంగతి, అన్‌సెంటెడ్ అని రాసినంత మాత్రాన సువాసన పదార్థం లేనట్టు కాదు, అసలు వాసన తెలియకుండా కప్పేందుకు కూడా కొన్నిట్లో కలుపుతారు. ఫ్రాగ్రెన్స్ ఫ్రీ అని ఉందా అని చూడండి, పదార్థాల వరసలో కూడా ఒకసారి వెతకండి. రాయగానే చల్లగా అనిపించే మెంథాల్, కర్పూరం ఉన్నవి వద్దు, ఆ చల్లదనం బాగుచేస్తున్న గుర్తు కాదు. ఆల్కహాల్ డీనాట్ అని వరసలో ముందుంటే అది ఎండబెట్టే రకం, సెటైల్ ఆల్కహాల్, సెటియారిల్ ఆల్కహాల్ అని ఉంటే మాత్రం భయపడక్కర్లేదు, అవి మైనంలాంటి మెత్తని పదార్థాలు. కొబ్బరి నూనె, కోకో బటర్, ఐసోప్రొపైల్ మిరిస్టేట్ లాంటివి మొటిమలు వచ్చే మొహానికి దూరం పెట్టడమే మంచిది. కొబ్బరి నూనె సంగతి వచ్చింది కాబట్టి, తలకు దట్టంగా నూనె పెట్టి దువ్వుకునే పిల్లలకు నుదుటి మీద, జుట్టు అంచు వెంబడి సన్న సన్న పొక్కులు వస్తుంటాయి, అమ్మలు అది గమనించి నూనె తగ్గిస్తే సగం పని అయిపోతుంది. అలా కాకుండా ఒకే సైజులో ఉండి బాగా దురద పెట్టే పొక్కులైతే అవి మొటిమలు కాకపోవచ్చు, చర్మం మీదుండే ఈస్టు వల్ల కూడా వస్తాయి, వాటికి మందు వేరు, డాక్టరుకు చూపించాల్సిందే.

నాన్ కామెడోజెనిక్, అంటే రంధ్రాలు మూయనిది, అనే మాట చూసి కొనేవాళ్ళు చాలామంది. కంపెనీ అలా రాస్తే మంచి ఉద్దేశంతోనే తయారుచేసి ఉండొచ్చు, కానీ ఆ మాటకు చట్టంలో గట్టి కొలమానం లేదు. ఏ పదార్థం రంధ్రాలు మూస్తుందో కుందేలు చెవుల మీద చూసిన పాత పరీక్షల నుంచే ఆ లెక్కలు చాలావరకు వచ్చాయి, కుందేలు చెవి వేరు, మన బుగ్గ వేరు. అందుకని ఎంత మంచి పేరున్నదైనా ముందు దవడ మూల, చెవి కింద కొంచెం రాసి ఒక వారం చూడండి. ఒకేసారి ఫేస్ వాష్, సీరం, క్రీము మూడూ కొత్తవి మొదలుపెడితే మొహం ఎర్రబడినప్పుడు ఏది కారణమో దేవుడు కూడా చెప్పలేడు.

మన కోస్తా ఉక్కపోతకి జెల్ రకమో పల్చని లోషనో చాలు, వందల రూపాయలు పోసి మందపాటి క్రీములు కొనక్కర్లేదు. ఏసీ గదిలో రోజంతా కూర్చునేవాళ్ళకు కాస్త చిక్కనిది కావాలి. ఇక్కడి నుంచి చదువుకని అమెరికా వెళ్ళే పిల్లల తల్లులు ఆర్నెల్లకు సరిపడా ఇక్కడి జెల్లే కట్టించుకుని పంపిస్తున్నారు. అక్కడ చలికాలంలో ఇంట్లో హీటర్ల గాలికి ఆ జెల్ చాలదు, సెరమైడ్లున్న క్రీము అక్కడే కొనుక్కోమనండి. గ్లిజరిన్ మంచిదన్నాను కదా అని సీసాలో గ్లిజరిన్ అచ్చంగా మొహానికి పూసుకోకండి, దాన్ని నీళ్ళు కలిపిన రూపంలోనే వాడాలి. వాసెలిన్ మొహమంతా చెమట మీద పూస్తే చిరాగ్గా ఉంటుంది గానీ, మందు వల్ల పగిలే పెదాలకు, ముక్కు మూలలకు రాత్రి కొంచెం అద్దితే దాన్ని మించింది లేదు.

వాడే పద్ధతి కూడా ఎవరూ చెప్పరు. గాఢత తక్కువున్న ఫేస్ వాష్‌తో రోజుకు రెండు సార్లు కడిగితే చాలు, తువ్వాలుతో రుద్దకుండా అద్ది, కాస్త తడి ఉండగానే మాయిశ్చరైజర్ రాయాలి. రాత్రి అడాపలీన్ బఠాణీ గింజంత తీసుకుని, మొటిమ మీద చుక్కలు పెట్టకుండా మొటిమలు వచ్చే చోటంతా పల్చగా రాయాలి. మంట పెట్టేవాళ్ళు ముందు మాయిశ్చరైజర్, అది ఆరాక మందు, మొదట్లో రోజు విడిచి రోజు. బెంజాయిల్ పెరాక్సైడ్ వాడేవాళ్ళు తెల్ల తువ్వాలు వాడండి, రంగు దిండు గలీబులు తెల్లగా మచ్చలు పడి పాడైపోతాయి. పగలు సన్‌స్క్రీన్ మానొద్దు.

ఇక నాకు అన్నిటికంటే కోపం వచ్చే విషయం. "మా పక్కింటావిడ రాసుకుంటే రెండ్రోజుల్లో మొహం తెల్లగా అయింది, ఆ ట్యూబే ఇవ్వండి" అని ఖాళీ ట్యూబు తెచ్చి చూపిస్తారు. తిప్పి చూస్తే బీటామెథసోన్, లేదా మొమెటసోన్‌తో హైడ్రోక్వినోన్ కలిపినది. బీటామెథసోన్, మొమెటసోన్ స్టెరాయిడ్లు, హైడ్రోక్వినోన్ చర్మం రంగు తగ్గించే మందు. మొదట ఎరుపు తగ్గి మొహం నున్నబడుతుంది, తర్వాత చర్మం పల్చబడి, సన్న రక్తనాళాలు పైకి తేలి, మానేస్తే మంట, రాస్తే మళ్ళీ మొటిమలు. మన దేశపు చర్మ డాక్టర్లు దీనికి స్టెరాయిడ్ దెబ్బతిన్న మొహం అనే అర్థం వచ్చే పేరే పెట్టాల్సి వచ్చింది, అంతమందికి జరిగింది. 2018లో ఇలాంటి క్రీములను చీటీ లేకుండా అమ్మకూడదని కేంద్రం షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అయినా అడిగితే ఇచ్చే షాపులు ఉన్నాయి. మా వ్యాపారంలో ఉన్నవాళ్ళందరికీ చెప్తున్నాను, ఆ ట్యూబు మీద మిగిలే పదీ ఇరవై రూపాయల కోసం ఒక పిల్ల మొహం పాడుచేయొద్దు. ఆ ట్యూబుకి బదులు సువాసన లేని మాయిశ్చరైజర్ రెండు మూడొందల లోపు దొరుకుతుంది, అదే చేతిలో పెట్టి డాక్టరు దగ్గరికి పంపండి.

ట్యూబుల మీద ఈ పేర్లన్నీ ఇంగ్లీషులోనే, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటాయి, ఇంగ్లీషు బాగా చదివినవాళ్ళకే కష్టం. కాబట్టి ఎక్కువమంది పాఠకులకు దిక్కు మీ పేజీలో వచ్చే నాలుగు తెలుగు ముక్కలే. మీరు నిమ్మకాయ రాయమంటే రాస్తారు. ఇకమీదట చర్మం గురించి ఏ చిట్కా వేసినా ఒక చర్మ డాక్టరుకు చూపించి వేయండి. ఎండలు ముదరకముందే, వచ్చే ఆదివారం అదే పేజీలో, పోయినసారి చిట్కా వేసినంత పెద్ద అక్షరాల్లోనే, నిమ్మరసం, వంటసోడా మొహానికి రాయొద్దని సవరణ వేయమని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక ఫార్మసిస్టు,
తెనాలి